వాయిస్ ఓవర్ నేర్చుకోవడం ఎలా? మొదటి సాధన నుంచి మొదటి ఒప్పందం దాకా

వాయిస్ ఓవర్ చేయాలని ఉందని చెప్పేవాళ్లు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘ఏ మైక్ కొనమంటారు?’ దానికి జవాబు ఈ మార్గదర్శిలో ఆరో మెట్టులో ఉంది. కావాలనే అంత వెనక్కి పెట్టాను.

‘నీ గొంతు భలే ఉంటుంది’ అని నలుగురూ అంటే ఈ రంగంలోకి రావాలనిపించడం సహజమే. కానీ స్టూడియోకి వచ్చే అందరి గొంతూ బాగానే ఉంటుంది. అక్కడ డబ్బిచ్చేది చదివే పద్ధతికి. ఎవరో రాసిన వాక్యం మీకప్పుడే తోచినట్టు వినిపించాలి. ‘ఇంకొంచెం తేలిగ్గా చెప్పండి’ అంటే వినేవాళ్లకు తేడా తెలిసేంతగా మారాలి. పన్నెండో టేక్‌లో కూడా విసుగు వినిపించకూడదు. ఇవన్నీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే నేర్చుకోవచ్చు. ఇవి రాకముందే ఖరీదైన మైక్ కొంటే అది మీ తప్పుల్ని మరింత శుభ్రంగా రికార్డు చేసి పెడుతుంది, అంతే.

అందుకే వరుస ఇలా పెట్టాను: గొంతు, ఉచ్చారణ, చదవడం, వినడం, ఆ తర్వాత గది, మైక్, చివరికి డెమో (మీ గొంతు వినిపించే చిన్న నమూనా రికార్డింగ్), ఒప్పందాలు.

1. ఏ రకం పనో ముందే తేల్చుకోండి

ముప్పై సెకన్ల ప్రకటనను అద్భుతంగా చెప్పే మనిషి పది గంటల ఆడియోబుక్ దగ్గర చేతులెత్తేయొచ్చు. ఒక్కో పని ఒక్కో రకం ఓపిక అడుగుతుంది.

- ప్రకటనలు, ప్రోమోలు: తక్కువ మాటలు, సెకన్ల లెక్క, బోలెడన్ని టేకులు.
- డాక్యుమెంటరీ నరేషన్: పొడవైన వాక్యాల్ని తెగకుండా నడిపించే శ్వాస.
- ఈ-లెర్నింగ్, కార్పొరేట్ వీడియోలు: స్పష్టత, సాంకేతిక పదాలు, గంటల తరబడి ఒకే వేగం.
- ఆడియోబుక్స్: శక్తి, పాత్రల మధ్య తేడా, కథ మీద పట్టు.
- డబ్బింగ్: నటన, పెదాల కదలికకు మాట కుదర్చడం.
- యానిమేషన్, గేమ్స్: పాత్రల గొంతులు, అరుపులు, మూలుగులు. గొంతు మీద భారం ఎక్కువ.
- ఐవీఆర్: ఫోన్ చేస్తే ‘ఒకటి నొక్కండి’ అని చెప్పే గొంతు. ఏడాది తర్వాత ఒక్క ఆప్షన్ చేర్చినా పాతదానితో అతుకు కనబడకూడదు.
- ఆడియో డిస్క్రిప్షన్: చూపు లేనివారికి తెరమీద జరిగేది చెప్పడం. సంభాషణల మధ్య దొరికే ఖాళీల్లోనే ముగించాలి.

మొదట రెండే ఎంచుకోండి. మీకు ఇష్టమైనది ఒకటి, అభ్యాసానికి తెరిపి లేకుండా పని దొరికేది ఒకటి. రెండోదానికి ఈ-లెర్నింగ్ లేదా నరేషన్ మంచిది. అన్నీ చేస్తానని మొదలుపెట్టినవాళ్ల డెమో వింటే ఏదీ గుర్తుండదు.

2. గొంతును సిద్ధం చేయడం

మొదట శ్వాస. వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకోండి. గాలి పీల్చినప్పుడు పుస్తకం లేవాలి, భుజాలు కదలకూడదు. వదిలేటప్పుడు ‘స్స్స్’ అంటూ ఒకే ఒత్తిడితో వదలండి. ఇరవై సెకన్లు నిలకడగా వస్తే మొదటి మెట్టు దాటినట్టే. అదే పద్ధతి కూర్చుని, నిలబడి, చివరికి చదువుతూ చేయాలి. గట్టిగా గాలి పీల్చి ఊపిరితిత్తులు నింపేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. నిండా పీల్చిన గాలి మొదటి మాటలోనే బుస్సుమని బయటపడిపోతుంది. వాక్యానికి కావాల్సినంతే పీల్చండి.

వార్మప్‌కు పది నిమిషాలు చాలు. వరుస మాత్రం తప్పొద్దు, మెత్తటివి ముందు, గట్టివి తర్వాత:

- మెడ, భుజాలు వదులు చేయడం, దవడ కీళ్లను వేళ్లతో మెల్లగా రుద్దడం.
- నోరు మూసి ‘మ్మ్’ అని హమ్ చేయడం. పెదాలు, ముక్కు దగ్గర అదురు తెలియాలి.
- పెదాలు వదులుగా పెట్టి ‘బ్ర్ర్’ అని ఊదుతూ స్వరం పైకి, కిందికి జరపడం.
- సన్నటి స్ట్రాలోంచి స్వరం పలికించడం. స్వర శాస్త్రవేత్త ఇంగో టిట్జె ప్రచారంలోకి తెచ్చిన అభ్యాసం ఇది. స్ట్రా వల్ల వెనక్కి వచ్చే గాలి ఒత్తిడి స్వర తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా చూస్తుంది.
- చివర్లో నాలుక తిరగని వాక్యాలు.

నీళ్ల సంగతి. మైక్ ముందు గుక్కెడు తాగితే నోరు తడుస్తుంది, స్వర తంత్రులు తడవవు. నీళ్లు వెళ్లేది ఆహార నాళంలోకి కాబట్టి వాటి ఫలితం గొంతుకు చేరడానికి సమయం పడుతుంది. రికార్డింగ్‌కు కొన్ని గంటల ముందు నుంచే కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. నోట్లో ‘టిక్, టిక్’ చప్పుళ్లు వస్తుంటే పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ ముక్క నమలడం ఈ వృత్తిలో పాత చిట్కా. చాలామందికి పనిచేస్తుంది.

మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానేయండి, బదులుగా ఓ గుక్క మింగండి. గొంతు అలసినప్పుడు గుసగుసలాడటం విశ్రాంతి అనుకోవద్దు, అదీ శ్రమే. అరుపులుండే పనిని సెషన్ చివర్లో పెట్టమని అడగండి, ఎవరూ తప్పుపట్టరు. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చిట్కాలు పక్కనపెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి.

మరొకటి. గంభీరంగా ఉండాలని గొంతును బలవంతంగా కిందికి తొక్కే అలవాటు మగవాళ్లలో మరీ ఎక్కువ. వాక్యం చివరికొచ్చేసరికి స్వరం కిర్రుమంటుంది, పావుగంటకే అలసిపోతారు. మీ అసలు శ్రుతి తెలియాలంటే ఫోన్‌లో స్నేహితుడు ఏదో చెబుతుంటే ‘ఊఁ... ఊఁ... చెప్పు’ అంటారు కదా, ఆ ‘ఊఁ’ పలికే చోటు పట్టుకోండి. మీ నరేషన్ అక్కడే ఉండాలి. బేస్ కావాలంటే మైక్‌కు దగ్గర జరిగితే అదే వస్తుంది, ఆ సంగతి ఆరో మెట్టులో.

3. ఉచ్చారణ

మామూలుగా మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోని తప్పులు హెడ్‌ఫోన్స్‌లో కొట్టొచ్చినట్టు వినిపిస్తాయి. మీ గొంతుతో ఒక పేజీ రికార్డు చేసి ఇవి మాత్రమే వెతకండి:

- శ, ష, స: ‘శాంతి’ ‘సాంతి’ అవుతోందా?
- ళ, ల: ‘కళ’, ‘కల’ వేరుగా వినిపిస్తున్నాయా? ణ, న కూడా అంతే.
- వత్తులు: ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ఒకటి చెప్పబోయి రెండోది చెబుతున్నారా?
- దీర్ఘాలు: వేగం పెరిగినప్పుడు ‘చేస్తారు’ ‘చేస్తరు’గా కుంచించుకుపోతోందా?
- ‘చలి, చాప’లోని చ, ‘చంద్రుడు, చరిత్ర’లోని చ ఒకేలా పలుకుతున్నారా?

దిద్దుకునే క్రమంలో రెండో తప్పు పుట్టుకొస్తుంది. వత్తుల మీద ధ్యాస పెట్టినవాళ్లు లేనిచోట కూడా వత్తి పలుకుతారు. ప్రతి అక్షరాన్నీ సుత్తితో కొడుతున్నట్టుంటుంది. దీనికి మందు: అదే పేజీని ముందు బాగా నెమ్మదిగా, నోరంతా తెరిచి అతిగా పలకండి. రెండోసారి మామూలు వేగంతో, ఎదుటి కుర్చీలో మనిషి ఉన్నట్టు చెప్పేయండి. రికార్డింగ్‌కు పనికొచ్చేది ఆ రెండోదే. ‘లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా’, ‘ఎర్ర లారీ తెల్ల లారీ’ లాంటివి కూడా ఇదే పద్ధతిలో చేయాలి. గబగబా అనేసి గెలిచామనుకుంటే లాభం లేదు.

యాస పోగొట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ల మాట నేను ఒప్పుకోను. డబ్బింగ్‌లో, ప్రకటనల్లో యాసే పని తెచ్చిపెడుతుంది. కావాలన్నప్పుడు దాన్ని పక్కన పెట్టి చదవగలగాలి, అంతే.

పేర్లు, ఇంగ్లిష్ పదాలు, పొడి అక్షరాలు, అంకెలు ఎలా పలకాలో రికార్డింగ్‌కు ముందే క్లయింట్‌ను అడిగి జాబితా రాసుకోండి. ‘1,250’ని ‘వెయ్యిన్నూట యాభై’ అనేసి, తర్వాత ‘వెయ్యి రెండువందల యాభై’ అని గుర్తొచ్చి ఆగిపోవడం లాంటివి టెన్షన్‌లో మామూలే. స్క్రిప్ట్‌లో అంకె పక్కనే అక్షరాల్లో రాసుకుంటే సమస్యే ఉండదు.

4. స్క్రిప్ట్ చదవడం: అసలు పని ఇదే

స్క్రిప్ట్ చేతికి రాగానే పైకి చదవకండి. ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. మాట్లాడుతున్నది ఎవరు? ఎవరితో? ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్పాల్సి వచ్చింది? రెండో జవాబు ‘ప్రేక్షకులతో’ అయితే కొట్టేసి మళ్లీ రాయండి. మీకు బాగా తెలిసిన ఒక్క మనిషి పేరు రాయాలి. గుంపుతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుంటే గొంతు దానంతటదే ఉపన్యాసమైపోతుంది.

తర్వాత పెన్సిల్ తీసుకోండి. చిన్న విరామానికి ఒక గీత, పెద్దదానికి రెండు, ఊపిరికి చిన్న సున్నా, నొక్కాల్సిన మాట కింద గీత. ఒక వాక్యంలో ఒక్క మాటే నొక్కాలి. రెండు నొక్కితే రెండూ వినబడవు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆడియోబుక్స్ యాప్ ప్రకటన అనుకోండి:

‘రాత్రి పది దాటింది. పిల్లలు పడుకున్నారు. గిన్నెలు కడగడం కూడా అయిపోయింది. ఇక ఈ అరగంట మీది.’

కొత్తవాళ్లు దీన్ని నాలుగు మెట్లు దిగినట్టు చదువుతారు. ‘దాటింది’ దగ్గర కిందికి, ‘పడుకున్నారు’ దగ్గర కిందికి, ‘అయిపోయింది’ దగ్గర కిందికి. మూడు వాక్యాలు మూడుసార్లు ముగిసిపోవడంతో నాలుగోదానికి వినేవాడు మిగలడు.

ఇప్పుడు ఇలా చేయండి. మొదటి రెండు వాక్యాల చివర స్వరం పూర్తిగా దించకండి, ఇంకా ఏదో ఉందన్నట్టు వదిలేయండి. మూడోదాంట్లో నొక్కాల్సింది ‘గిన్నెలు’ మీద కాదు, ‘కూడా’ మీద. రోజంతా పడిన శ్రమ ఆ ఒక్క మాటలో ఉంది. అలసట, దానికి తోడు చిన్న నవ్వు. అక్కడ స్వరం పూర్తిగా దించి ఆగండి. క్లయింట్ కంగారుపడేంత సేపు ఆగినా ఫర్వాలేదు, ఎడిటింగ్‌లో తగ్గించొచ్చు. ‘ఇక’ను దాదాపు ఊపిరితోనే వదిలి, ‘మీది’ని చేతిలో పెట్టినట్టు చెప్పండి. గట్టిగా అనక్కర్లేదు.

ఇదే స్క్రిప్ట్‌కు మరో రీడ్, అంటే చదివే తీరు, కూడా ఉంటుంది. ‘ఈ’ మీద బరువు పెడితే ‘మిగతా రోజంతా ఎవరిదైనా కానీ’ అన్న అర్థం వస్తుంది, కాస్త పెంకితనం కూడా. రెండూ రికార్డు చేసి పంపేవాడికి పని దొరికే అవకాశం ఎక్కువ.

తెలుగులో ఇంకో చిక్కుంది. క్రియ వాక్యం చివర వస్తుంది, అక్కడికి చేరేసరికి ఊపిరి అయిపోతుంది. ‘వెళ్లాల్సి వస్తుంది’ కాస్తా ‘వెళ్లాల్సొస్...’ అని గొంతులోనే ఉండిపోతుంది. నరేషన్ నేర్చుకునేవాళ్లలో నేను ఎక్కువగా వినే లోపం ఇదే. ఈ వాక్యం చూడండి:

‘నదిలో నీరు తగ్గేకొద్దీ, ఒడ్డున గూళ్లు కట్టుకున్న పక్షులు, పిల్లలను వదిలి, దూరంగా ఉన్న చెరువులకు వెళ్లాల్సి వస్తుంది.’

దీన్ని వెనక నుంచి ముందుకు సాధన చేయండి. మొదట ‘వెళ్లాల్సి వస్తుంది’ మాత్రమే, నిండుగా. తర్వాత ‘దూరంగా ఉన్న చెరువులకు వెళ్లాల్సి వస్తుంది’. తర్వాత ‘పిల్లలను వదిలి’ నుంచి. అలా మొదటికి వచ్చేసరికి నోటికి వాక్యం చివర బాగా అలవాటై ఉంటుంది. చదువుతూ పోయేకొద్దీ తెలిసిన దారిలోకి వస్తారు. ఊపిరి ‘తగ్గేకొద్దీ’ తర్వాత తీసుకోండి, బరువు ‘పిల్లలను’ మీద.

డైరెక్టర్ చెప్పే మాటల్ని శరీరానికి అర్థమయ్యేలా మార్చుకోవడం కూడా నేర్చుకోవాలి:

- ‘ఎనర్జీ పెంచండి’: గట్టిగా అని కాదు. నిలబడండి, చేతులు కదపండి, విరామాలు తగ్గించండి.
- ‘నవ్వు వినిపించాలి’: నిజంగానే పెదాలు సాగదీయండి. నోటి ఆకారం మారితే ధ్వని మారుతుంది.
- ‘కన్వర్సేషనల్‌గా’: వాక్యానికి ముందు ‘ఇదిగో, విను...’ అని స్నేహితుడితో అన్నట్టు అని, దాంట్లోంచే వాక్యంలోకి జారండి. ముందు ముక్క ఎడిటింగ్‌లో కోసేయండి.
- ‘సీరియస్‌గా’: శ్రుతి తగ్గించకండి. వేగం తగ్గించి, వాక్యం చివర్లు తేల్చి చెప్పండి.
- ‘ఏ-బీ-సీ ఇవ్వండి’: ఒకే లైను ఆపకుండా మూడు రకాలుగా. మూడూ నిజంగా వేరుగా ఉండాలి.

5. రోజువారీ సాధన

రోజుకు ముప్పావుగంట చాలు, కానీ రోజూ చేయాలి.

- పది నిమిషాలు వార్మప్.
- పది నిమిషాలు ఎప్పుడూ చూడని పేజీని పైకి చదవడం. కళ్లు నోటికంటే నాలుగైదు మాటలు ముందు నడవాలి.
- పావుగంట ఒకే చిన్న స్క్రిప్ట్‌ను మూడు విధాలుగా రికార్డు చేయడం.
- పది నిమిషాలు నిన్నటి రికార్డింగ్ వినడం. ఈరోజుది ఈరోజే వింటే చెవి మనల్ని క్షమించేస్తుంది.

వారానికోసారి ఆపకుండా పావుగంట చదివి, మొదటి నిమిషాన్నీ చివరి నిమిషాన్నీ పక్కపక్కన వినండి. వేగం, శ్రుతి ఎంత జారాయో తెలిసిపోతుంది.

నచ్చిన ప్రకటన ఒకటి విని, మాటలు రాసుకుని, ఆ ఆర్టిస్ట్ ఎక్కడ ఆగారో, ఏ మాట నొక్కారో గుర్తులు పెట్టండి. ఆ తర్వాత వాళ్లలా కాకుండా చదవండి. అనుకరించడానికి అలవాటుపడితే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

కోర్సులో చేరాలనుకుంటే అడగాల్సింది ఒక్కటే: క్లాసులో ఒక్కొక్కరికి మైక్ ముందు ఎన్ని నిమిషాలు దొరుకుతాయి? రెండ్రోజుల్లో నేర్పి చివర్లో డెమో కూడా చేసిస్తామంటే వాళ్లు అమ్ముతున్నది ఆ డెమోనే. అదే డబ్బుతో నాటక బృందంలో కొన్నాళ్లు ఉంటే ఎక్కువ వస్తుందని నా అభిప్రాయం.

6. ముందు గది, తర్వాత మైక్

గదిలో రెండు వేర్వేరు సమస్యలుంటాయి. బయటి చప్పుడు లోపలికి రావడం ఒకటి. మీ గొంతే గోడలకు తగిలి మైక్‌లోకి తిరిగి రావడం రెండోది. ఫోమ్ పలకలు రెండోదాన్ని కొంత తగ్గిస్తాయి, మొదటిదాన్ని ఏమీ చేయలేవు. గుడ్ల అట్టలు రెండింటికీ పనికిరావు. బయటి చప్పుడుకు చౌకైన మందు సమయమే. చుట్టూ సద్దుమణిగే వేళ రికార్డు చేసుకోండి.

ప్రతిధ్వనికి బట్టలు నిండిన అల్మారా ముందు కూర్చోవడం, వెనకా పక్కలా మందపాటి దుప్పట్లు వేలాడదీయడం చక్కగా పనిచేస్తాయి. గది మధ్యలో ఒక చప్పట కొట్టి చూడండి. ‘టంగ్’మని తోక వినిపిస్తే ఇంకా దుప్పట్లు కావాలి. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపేయాలి. ఫ్రిజ్ ఆపితే తర్వాత మళ్లీ వేయడం మర్చిపోకుండా బండి తాళాలు అందులో పెట్టడం స్టూడియో జనాల పాత కిటుకు.

ఇప్పుడు మైక్. ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకు కార్డియాయిడ్ ప్యాటర్న్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టుకునే తీరు) ఉన్న కండెన్సర్ మైక్, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ సరిపోతాయి. కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్‌లోంచే అందే కరెంటు) కావాలి, అది ఇంటర్‌ఫేస్ ఇస్తుంది. మైక్ తనంతట తాను చేసే చప్పుడు ఎంతో స్పెసిఫికేషన్‌లో చూడండి. రోడ్ ఎన్‌టీ1 ఐదో తరానికి అది 4 డెసిబెల్స్, ఆడియో-టెక్నికా ఏటీ2020కి 20. నిశ్శబ్దమైన నరేషన్‌లో ఈ తేడా వినబడుతుంది, హుషారైన ప్రకటనలో వినబడదు. షూర్ ఎస్ఎం7బి లాంటి డైనమిక్ మైక్‌లు గది శబ్దాన్ని తక్కువ పట్టుకుంటాయి కానీ వాటి సిగ్నల్ బలహీనం, దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచడం) అడుగుతాయి. ఇంటర్‌ఫేస్‌కు ఆ శక్తి ఉందో లేదో చూసుకోకుండా మోజుపడి కొనొద్దు.

మైక్ పెట్టే తీరు:

- నోటికి జానెడు దూరం. దగ్గర జరిగేకొద్దీ బేస్ పెరుగుతుంది, గంభీరమైన గొంతు కావాలన్నప్పుడు వాడుకోండి.
- ప, బ, ఫ పలికినప్పుడు గాలి నేరుగా తగలకుండా మైక్‌ను కాస్త పక్కకు తిప్పండి, మధ్యలో పాప్ ఫిల్టర్ పెట్టండి.
- స్క్రిప్ట్ కళ్ల ఎత్తులో ఉండాలి. తల వంచితే గొంతు నొక్కుకుపోతుంది.
- చప్పుడు చేయని కాటన్ బట్టలు. గాజులు, వాచీ తీసేయండి.

7. రికార్డింగ్, ఎడిటింగ్

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఆడాసిటీ ఉచితం, రీపర్ చవక, రెండూ చాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో, వేవ్ ఫైల్‌గా రికార్డు చేయండి. అత్యంత గట్టిగా పలికే చోట కూడా శబ్దస్థాయి చూపే మీటర్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్యే ఉండాలి. సున్నాను తాకి పగిలిన ధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

మాట్లాడే ముందు పది సెకన్లు కదలకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. తర్వాత ఖాళీలు పూడ్చడానికి అదే కావాలి. తప్పు పోయినప్పుడు ఆపకుండా ఒక చప్పట కొట్టి, వాక్యం మొదటి నుంచి మళ్లీ చెప్పండి. ఎడిటింగ్‌లో ఆ చప్పట నిటారు గీతలా కనబడి తప్పు ఎక్కడుందో చూపిస్తుంది.

ఎడిటింగ్ వరుస: తప్పులు కోయడం, 80 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది గుర్రుమనే శబ్దాల్ని తీసేస్తుంది), తేలికపాటి కంప్రెషన్ (గట్టి, మెల్లని మాటల మధ్య తేడా తగ్గించడం), చివర్లో మొత్తం శబ్దస్థాయి సరిచేయడం. చాలామంది క్లయింట్లు ఇవేవీ లేని ముడి ఆడియోనే అడుగుతారు, అప్పుడు కోతలతో ఆపేయండి. ఆడియోబుక్‌కు కొలమానంగా ఆడిబుల్ వారి ఆడియోబుక్ వేదిక ఏసీఎక్స్ ప్రమాణాలు గుర్తుపెట్టుకోవచ్చు: సగటు స్థాయి మైనస్ 23, మైనస్ 18 డెసిబెల్స్ మధ్య, శిఖరం మైనస్ 3 దాటకుండా, గది చప్పుడు మైనస్ 60 లోపు.

తరచూ వచ్చే సమస్యలు, మందులు:

- డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంది: గోడకో మూలకో మరీ దగ్గరగా ఉన్నారు. జరగండి, వెనక దుప్పటి పెంచండి.
- గొంతు నీళ్లలో మునిగినట్టుంది: నాయిస్ రిడక్షన్ ఎక్కువైంది. తీసేసి, చప్పుడును మూలంలోనే ఆపండి.
- ‘స్’ చెవిలో గుచ్చుతోంది: మైక్‌ను కాస్త పక్కకు తిప్పండి. అప్పటికీ ఉంటే ‘స్’ శబ్దాన్ని తగ్గించే డీ-ఎస్సర్, కొంచెమే.
- మనిషి ఊపిరే తీసుకోవట్లేదనిపిస్తోంది: ఊపిరులన్నీ కోసేశారు. తిరిగి పెట్టి, శబ్దం మాత్రం తగ్గించండి.
- నిన్నటి భాగం, ఇవాళ్టి భాగం ఇద్దరు చదివినట్టుంది: ఇవాళ మొదలుపెట్టే ముందు నిన్నటిది ఒక నిమిషం వినలేదు.

8. డబ్బింగ్ వైపు వెళ్లేవాళ్లకు

ఇక్కడ మొదటి అర్హత నటన, రెండోది కాలం మీద పట్టు. సాధారణంగా మూడు బీప్‌లు వినిపిస్తాయి, నాలుగోది రావాల్సిన క్షణంలో మీరు మొదలుపెట్టాలి. తెరమీద పెదాలు మూతపడే చోట ప, బ, మ లాంటి అక్షరం పడితే అతుకు కనబడదు. వాక్యమంతా సరిపోయినా ఆ ఒక్కటి తప్పితే కన్ను పట్టేస్తుంది. ఇంట్లో సాధనకు ఏదైనా దృశ్యాన్ని శబ్దం తీసేసి పెట్టి, మీరే మాటలు రాసుకుని పలకండి. పాత్ర పరుగెత్తి వస్తే మీ ఊపిరి కూడా అలాగే ఉండాలి. అరుస్తున్న ముఖానికి సోఫాలో కూర్చున్న గొంతు అతకదు.

9. డెమో

చూడని పేజీని ఒకటి రెండు తడబాట్లతో చదవగలిగి, చెప్పగానే రీడ్ మార్చగలిగే దాకా డెమో వద్దు. తొందరపడి పంపిన డెమో విన్నవాళ్లు మెరుగైన రెండోదాన్ని తెరవకపోవచ్చు.

- ఒక్కో రకం పనికి ఒక్కో డెమో. ప్రకటనలూ ఆడియోబుక్ కలపొద్దు.
- నిడివి నిమిషం నుంచి నిమిషంన్నర. ఆడియోబుక్‌కు కాస్త ఎక్కువ ఫర్వాలేదు.
- మీ అత్యుత్తమ ముక్క మొదటి ఐదు సెకన్లలోనే. పరిచయ వాక్యాలు, సంగీతంతో మొదలుపెట్టడం వద్దు.
- ఒక్కో ముక్క ఎనిమిది, పది సెకన్లు. పక్కపక్క ముక్కలు ఒకే మూడ్‌లో ఉండకూడదు.
- మీరు చేయని బ్రాండ్ ప్రకటనను చేసినట్టు పెట్టొద్దు. స్క్రిప్ట్‌లు సొంతంగా రాసుకోండి.
- డెమోలో ఉన్న నాణ్యత ఇంటి గదిలోంచి కూడా రావాలి. స్టూడియోలో మెరుగులు దిద్దిన డెమో చూసి పనిచ్చి, ఇంటి రికార్డింగ్ వినగానే వెనక్కి తీసుకున్న సందర్భాలు చాలానే ఉంటాయి.

10. ఆడిషన్, రేటు, ఒప్పందం

ఆడిషన్‌లో ఫైల్ పేరు వాళ్లు చెప్పినట్టే పెట్టండి. చిన్న విషయమే, కానీ సూచనలు చదివే మనిషో కాదో అక్కడే తెలిసిపోతుంది. రెండు వేర్వేరు రీడ్‌లు పంపి, ఆ సంగతి మర్చిపోండి. జవాబు రాకపోవడమే ఈ రంగంలో ‘కాదు’ అనడం.

రేటు చెప్పే ముందు ఇవి అడగాలి:

- ఎన్ని మాటలు, లేదా పూర్తయిన ఆడియో ఎన్ని నిమిషాలు?
- ఎక్కడ వినిపిస్తుంది? టీవీ, ఇంటర్నెట్, ఆఫీసు లోపల మాత్రమేనా?
- ఎంతకాలం, ఏయే ప్రాంతాల్లో?
- ముడి ఆడియోనా, ఎడిట్ చేసిందా?
- ఎన్ని రీటేక్‌లు ఇందులో కలిసి ఉన్నాయి? మీ పొరపాటుకు ఉచితం, స్క్రిప్ట్ మారితే కొత్త రుసుము అని ముందే రాసుకోండి.

రికార్డింగ్‌కు ఇచ్చే డబ్బు వేరు, వాడుకకు ఇచ్చే డబ్బు వేరు. ‘బయౌట్’ అనే మాట కనబడితే ఎప్పటికీ, ఎక్కడైనా వాడుకుంటామని అర్థం కావచ్చు. ఆ హద్దులు రాతలో ఉండాలి. ఆడియోబుక్‌కు పూర్తయిన గంట లెక్కన రేటు చెప్పేటప్పుడు, ఒక గంట ఆడియో వెనక చదవడం, దిద్దడం, వినడం కలిపి కొత్తవాళ్లకు ఐదారు గంటల పని ఉంటుందని గుర్తుంచుకోండి.

ఏఐ విషయంలో మొహమాటం పనికిరాదు. ‘ఈ రికార్డింగ్‌ను ఏఐ శిక్షణకు గానీ, నా గొంతును కృత్రిమంగా తయారుచేయడానికి గానీ వాడకూడదు’ అన్న వాక్యం ప్రతి ఒప్పందంలో ఉండాలి. 2024 జులైలో అమెరికాలో నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా వీడియో గేమ్ కంపెనీలపై సమ్మెకు దిగింది ప్రధానంగా ఈ రక్షణ కోసమే. 2025లో ఒప్పందం కుదిరాకే అది ముగిసింది. సంబంధం లేని వందలాది వాక్యాలు రకరకాల భావాలతో చదవమంటున్నారంటే ఎందుకో అడగండి.

మోసాలు కూడా ఒకే తీరున ఉంటాయి. పని ఇప్పిస్తామని ముందే రుసుము అడగడం, ఆడిషన్ పేరుతో స్క్రిప్ట్ మొత్తం చదివించుకోవడం, ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి మిగతాది వేరే ఖాతాకు తిప్పి పంపమనడం. ఆడిషన్‌కు స్క్రిప్ట్‌లో కొంత భాగం చాలు. మొత్తం కావాలంటే మధ్యలో సన్నటి సంగీతం ముక్క కలిపి పంపండి, వాడుకోవడానికి పనికిరాదు.

పని పూర్తయ్యాక ముడి ఫైల్, ఎడిట్ చేసిన ఫైల్, ఒప్పందం ఒకే ఫోల్డర్‌లో దాచి, రెండో కాపీ వేరేచోట పెట్టండి. అందులోనే మైక్ దూరం, గెయిన్ అంకె, వాడిన సెట్టింగులు ఒక చీటీ మీద రాసి, మైక్ ఎక్కడ పెట్టారో ఫోన్‌తో ఒక ఫోటో తీసి చేర్చండి. ఆర్నెల్ల తర్వాత క్లయింట్ ‘ఒక్క లైను మార్చాలండీ’ అని ఫోన్ చేస్తే, ఆ చీటీ చూసి పావుగంటలో పంపేయొచ్చు.